కష్టదినములకు దగిన పుస్తకములు

మనుజునకు కష్టము వచ్చినపుడు బంధుమిత్రులు మొదట ధైర్యము చెప్పుదురు. పిమ్మట హితవు చెప్పుదురు. వారు చదువుకొన్నవారైనచో తుదకొక పుస్తకము చేతికిత్తురు. ధైర్యవచనము ఆ దినముతో పోవును. హితవు రెండుమూడు దినములు చెవిలో నిలుచును. పుస్తకమట్లు కాదు. అది గూటిలో నుండి, ఇల్లంతయు నిద్రించిన వేళ చేతికందును. ఒంటరిగా నున్నవారితో నొంటరిగా మాటలాడును. కావున దుఃఖితులకు పుస్తకమిచ్చుట యల్పకార్యము కాదు. రోగమెఱుగక మందిచ్చుట యెట్టిదో, బాధ యెఱుగక పుస్తకమిచ్చుటయు నట్టిదే. ఈ సంగతి నాకు నా తప్పువలననే తెలిసినది.

కోరుట్లలో నేనెఱిగిన గృహిణి యొకతె కలదు. భర్త గల్ఫు దేశమునకు పనికిపోయి రెండేండ్లు దాటినది. ప్రయాణమునకై చేసిన యప్పునకు వడ్డీ పెరుగుచున్నది. ఆమె బీడీలు చుట్టి యిద్దఱు పిల్లలను చదివించుచు, వృద్ధురాలైన యత్తగారిని పోషించుచున్నది. ఏడవ తరగతివఱకు చదివినది. అక్షరముపై ప్రీతి గలది. ఒకనాడామె నాతో, "సారూ, రాత్రిళ్ళు నిద్ర వడ్తలేదు. ఏదన్న పుస్తకముంటె ఇయ్యున్రి" అని యడిగెను. నేను మిగుల సంతోషించి, నా బీరువానుండి నీతివాక్యముల సంపుట మొకటి తీసి యిచ్చితిని. ఓర్పు, సంతృప్తి, మితవ్యయము మున్నగు సుగుణములందు చక్కగా బోధింపబడినవి. పదిదినములైన పిమ్మట ఆమె దానిని మాయకుండ తెచ్చి యిచ్చి, "మంచిదే సారూ, గని దీంట్ల జూస్తె తప్పంత నాదే అన్నట్టున్నది" అనెను.

ఎన్నో విమర్శగ్రంథములు చదివిన నాకు అంతటి విమర్శవాక్యము తోచియుండలేదు. ఓర్పు నేర్చుకొనుమని చెప్పిన గ్రంథము, ఓర్పు లేకుండుటచేతనే నీకీ కష్టము వచ్చినదని చెప్పకయే చెప్పినది. మితవ్యయమును బోధించిన గ్రంథము, వ్యయము చేయుటకే లేనిదానిని దుబారా చేసినదానిగా నెంచినది. నాటినుండి కష్టములోనున్నవారికి ఈయదలచిన ప్రతి పుస్తకమును నేను రెండు ప్రశ్నలడుగుచున్నాను. మొదటిది: ఇది బాధితుని దోషిగా చేయుచున్నదా? రెండవది: ఇది మూసిన పిమ్మట చదువరిని మునుపటికంటె నొంటరిగా చేయునా, లేక యొక తోడునిచ్చునా? ఈ రెండింటికిని నిలుచు గ్రంథము శైలియందు కొంత కొఱతగలదైనను గ్రాహ్యమే. నిలువనిది యెంత మధురముగా నున్నను ఆ సమయమునకు త్యాజ్యము.

అట్టి గ్రంథములను నేను దూరమునుండి తెప్పింపలేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో పుట్టినవారు రచించిన వానినే వెదకితిని. ఇది స్వస్థలాభిమానమువలన కాదు. ఈ నేల యెఱిగిన కష్టములు పెక్కు. వానిని కన్నులార చూచి వ్రాసినవారును గలరు.

సిరిసిల్ల మరమగ్గముల పట్టణము. మరమగ్గమును అచటివారు సాంచె యందురు. నూలు ధర పెరిగినను, విద్యుత్తు ధర పెరిగినను, బట్టకు గిరాకి తగ్గినను, తుదకా భారమంతయు సాంచె నడుపువాని కూలిమీదనే పడును. బ్రతుకుదెరువు వెదకుచు అచటి కుటుంబము లెన్నియో భివండి, షోలాపురము, సూరతు పట్టణములకు వలసపోయినవి. గత శతాబ్దపు తుదియందును, ఈ శతాబ్దపు మొదటి యేండ్లయందును అనేక నేతకార్మికులు అప్పుల బాధచే ప్రాణములు తీసికొనిరి. 2017వ సంవత్సరము మొదలు కొన్నేండ్లు ప్రభుత్వము బతుకమ్మ చీరలను అచట నేయించుటచే పని కొంత దొరకినది. కాని ఒక్క కొనుగోలుదారునిపై నూరంతయు నాధారపడుటలోని యపాయమును గూడ నదియే చూపినది. ఇక జగిత్యాల, కోరుట్ల ప్రాంతమున పురుషులు గల్ఫు దేశములకు పోవుటయు, స్త్రీలు ఇంట బీడీలు చుట్టుటయు చాలకాలముగా సాగుచున్న జీవనవిధానము. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు వేఱుగా నేర్పడినవి. జిల్లాలు వేఱైనను కష్టము లొకదాని కొకటి చుట్టములే.

ఏమి చదువవలెనను ప్రశ్న యిచట క్రొత్తది కాదు. 1935వ సంవత్సరమున నాలుగవ నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావుగారి యధ్యక్షతన జరిగినది. దానితోపాటు జరిగిన మహిళాసభకు మాడపాటి మాణిక్యాంబగా రధ్యక్షురాలు. పాఠశాలలలో ఉర్దూయే బోధనాభాషగా నున్న యా కాలమున తెలుగు పుస్తకము, గ్రంథాలయము, స్త్రీవిద్య యనునవి ఒకే యుద్యమమునకు మూడు ముఖములు. ఆనాటి పెద్దలు తెలుగు పుస్తకము ఇంటింటికి చేరవలెనని కోరిరి. చేరిన పుస్తకము ఆ యింటి బాధకు తగినదా యని విచారించుట నేటి మన వంతు.

మొదట విశ్వాసమును గుఱించి చెప్పెదను. జగిత్యాల జిల్లాలో గోదావరీతీరమున నున్న ధర్మపురియందు శేషప్పకవి నృసింహస్వామిని గూర్చి నరసింహ శతకము చెప్పెను. సీసపద్యములతో గూడిన యీ శతకము తెలుగునాట బడిపిల్లలకు గూడ కంఠస్థమై యుండెడిది. కంఠస్థమైన గ్రంథములకొక దురదృష్టము కలదు: వానిని వల్లించుచు వాని యర్థము వినుట మానుదుము. ఈ శతకమును కష్టములోనున్నవారి చెవితో మరల వినవలెను. కవి దేవుని ధనమడుగలేదు, పల్లకి యడుగలేదు, భూము లడుగలేదు, పశువుల నడుగలేదు. తాను అడుగనివాని పట్టిక నంతయు ముందుంచి, అడిగినది మోక్షమొక్కటే యని చెప్పుచున్నాడు. ఒక సంగతి గమనింపుడు. ఏమేమి లేకపోయినవో లెక్కపెట్టుకొన్నవాడే అట్టి పట్టికను వ్రాయగలడు.

అంతకంటె గొప్పది మరణకాలమును గూర్చిన పద్యము. బ్రతికినంతకాలము నిన్ను భజింతును గాని, ప్రాణము పోవువేళ రోగము కప్పి, దేహము వణకి, నాలుకపై నీ పేరు పలుకగలనో లేనో. కావున ఆనాటి భజనను నేడే చేయుచున్నానని కవి భావము. ఇది దృఢభక్తుని గర్వోక్తి కాదు. తన దేహము తనకు ద్రోహము చేయునేమో యని భయపడిన మనుష్యుని మాట. భయపడుట పాపమని యీ కవి చెప్పుటలేదు. భయమును దేవునియెదుట నుంచవచ్చునని చెప్పుచున్నాడు. విశ్వాసమును గూర్చి నేటి ఉపన్యాసములలో వినబడు ధీమాకంటె నిది నిజమైనది. ధనమును దాచి దాచి తుదకు దొంగలకో దొరలకో యప్పగించు లోభిని జుంటీగతో పోల్చిన పద్యమును గూడ మఱవరాదు. కవి యిచట నిందించినది ఉన్నవానిని, లేనివానిని కాదు. ఉన్నవాడు లేనివానికి చెప్పు వైరాగ్యము క్రౌర్యము. లేనివాడు తనకుతాను చెప్పుకొను వైరాగ్యము ధైర్యము. శేషప్పది రెండవది. అయినను సంస్కారప్రియులైన చదువరు లొక జాగ్రత్త వహింపవలెను: శతకము మనస్సునకు నిలుకడ నిచ్చును గాని, అప్పుపత్రములోని యన్యాయపు వడ్డీని కొట్టివేయదు. భక్తి పేరిట ఆ రెండవ పనిని మానుకొనుట శేషప్ప చెప్పినది కాదు.

ఇక పని. జగిత్యాల ప్రాంతమువాడైన బి. యస్. రాములుగారు బీడీకార్మికుల జీవితమును వస్తువుగా గొని "బతుకు పోరు" అను నవల వ్రాసిరి. బీడీ చుట్టుట కూర్చుండి చేయు పని గావున తేలికయని చూచువా రనుకొందురు. తునికాకును నానబెట్టి, కొలతకు కత్తిరించి, పొగాకు పొడి నించి, చుట్టి, దారము కట్టి, మొన మడిచి, వేయి లెక్కకు తెచ్చుసరికి నడుము, కన్నులు, వ్రేళ్ళు మూడును అలసిపోవును. ఆకు చెడ్డదైనను, బీడీ బాగులేదని కార్ఖానాలో తీసివేసినను నష్టము చుట్టినదానిదే. ఇల్లే పనిచోటగుటచే పొగాకుధూళి పసిపిల్లల యూపిరిలో గూడ చేరును. ఇంత జరుగుచున్నను ఇంటిలోని స్త్రీ పనిని మనము చాలకాలము పని యనలేదు. తీరికవేళ సంపాదన యంటిమి. ఈ నవల చేసిన మొదటి యుపకారము, దానిని నవలకు తగిన వస్తువుగా నెంచుటయే.

"బతుకు", "పోరు" అను రెండు మాటలను రచయిత పక్కపక్కన నుంచుటయం దొక విమర్శ కలదు. ఓర్పును బోధించు గ్రంథము బ్రతుకునుండి పోరును తీసివేయును. అపుడు మిగులునది సహనము మాత్రమే. ఉద్యమకాలపు నవలలయందు సామాన్యముగా గనబడు లోప మొకటి కలదు: సంఘము పెట్టుకొన్నచో చిక్కులన్నియు విడిపోవునన్న నమ్మకము. నేటి కోరుట్ల యింటిలో యజమానితో పేచీ యొక్కటియే కాదు. దూరదేశములోని భర్త, ఊరిలోని వడ్డీవ్యాపారి, పట్టణములోని కళాశాల రుసుము, అన్నియు గలవు. కావున నీ తరపు నవలలు చూపిన దారి చాలదని నేటి చదువరికి తోచవచ్చును. తోచినను నష్టము లేదు. తప్పు నాది కాదని యొకసారి తెలిసినవారు మిగిలిన దారిని తామే వెదకుకొందురు. నేనీ పుస్తకమును ఆ గృహిణికిచ్చినపుడు ఆమె నాలుగు పుటలు చదివి, "ఇది తెల్సినోళ్ళు రాసిన్రు" అని మాత్రమనెను.

ప్రేమను గూర్చిన గ్రంథమనగానే యువతీయువకుల కథ మనకు స్ఫురించును. కష్టకాలమున ప్రేమకు వచ్చు పరీక్ష వేఱు. సిరిసిల్ల ప్రాంతమువాడైన పెద్దింటి అశోక్‌కుమార్‌గారి "జిగిరి" నవల నిందుకు చదువవలెను. ఇమాం ఎలుగుబంటి నాడించి పొట్టపోసికొనువాడు. షాదుల్ అను నా ఎలుగు వానికి కొడుకుతో సమానము. కాలము మాఱినది. అడవిజంతువుల నాడించుట చట్టవిరుద్ధమైనది. ఎలుగును వదలుకొన్నచో భూమి దొరకునను నాశ యింటిలో ప్రవేశించినది. భార్య బీబమ్మకును, కొడుకు చాంద్‌కును ఆ భూమి కావలెను. ఇమాంకు షాదుల్ కావలెను. కథ ముగింపు నిచట చెప్పుట న్యాయము కాదు.

ఈ నవలను జంతుప్రేమ కథగా మాత్రమే మెచ్చుకొనువారు దానిలో సగమే చదివినవారు. భార్యాపుత్రులు భూమిని కోరుట దురాశయని చదువరి తీర్పు చెప్పజాలడు. తరతరములుగా బిచ్చమువంటి బ్రతుకు బ్రతికినవారికి గుంట భూమియైనను మానమే. ఇమాం మూర్ఖుడనియు జెప్పజాలము; తనకన్నము పెట్టిన ప్రాణిని అవసరము తీఱినదని త్రోసివేయలేకపోవుటయు మానమే. ఒకే యింటిలో రెండు న్యాయములు ఎదురెదురుగా నిలిచినపుడు ప్రేమ యేమగునన్నదే యీ నవలలోని ప్రశ్న. ఈ ప్రశ్న ఎలుగుబంటి లేని యిండ్లలోను గలదు. పిల్లలపై ప్రేమచే తండ్రి విదేశమునకు పోవును. ఆ పోవుటచేతనే పిల్లలకు తండ్రి లేకుండ పోవును. ఈ రచయితయే గల్ఫు వలసను గూర్చి "ఎడారి మంటలు" అను నవల గూడ వ్రాసిరి. వలసపోయిన వారి యిండ్లలో మొదట జిగిరినే చదువుమని నా సలహా. తన బాధను నేరుగా చూడలేనపుడు మఱొకని బాధలో దానిని చూచుట సులభము.

జీవితమును గూర్చి యిద్దఱు కవులను చెప్పుదును. వారిద్దఱు నొకరి కొకరు పొసగనివారు. కావుననే యిద్దఱును కావలెను. మొదటివారు వేములవాడకు సమీపమున హనుమాజీపేటలో 1931వ సంవత్సరమున జన్మించిన సి. నారాయణరెడ్డిగారు. సిరిసిల్ల పాఠశాలలో ఉర్దూ మాధ్యమమున చదువుకొన్న యీ బాలుడు పల్లెపాటలనుండి, హరికథలనుండి తెలుగును సంపాదించుకొని, 1980వ సంవత్సరమున "విశ్వంభర" కావ్యమును ప్రకటించి, 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారమును పొందెను. ఆ కావ్యమునకు నాయకుడు మానవుడు, రంగస్థలము భూమి. ఆదినుండి మానవుడు పడుచు లేచుచు నడచిన నడక యందు గలదు. నిరాశలో నున్న విద్యార్థికి నేనిది తప్పక ఇత్తును. తన యోటమి మానవజాతి నడకలో నొక్క యడుగేయని యది తెలుపును. కాని సాంచె యాగిపోయి, సాయంకాలము బియ్యమునకు చేబదులు వెదకువానికి నేనిది యీయను. అతి యెత్తునుండి చూచినపుడు మానవజాతి కనబడును గాని మనుష్యుడు కనబడడు. ఇది కావ్యదోషము కాదు. కాలమెఱుగక యిచ్చినవాని దోషము.

రెండవవాడు జగిత్యాలలో పుట్టిన అలిశెట్టి ప్రభాకర్. చిత్రకారుడు, ఛాయాగ్రాహకుడు, కవి. జగిత్యాలలోను, కరీంనగరములోను, హైదరాబాదులోను ఛాయాచిత్రశాలలు నడపి జీవించెను. 1978వ సంవత్సరమున "ఎర్ర పావురాలు" వెలువడినది. తరువాత "రక్తరేఖ", "సిటీ లైఫ్" మొదలగునవి వచ్చినవి. క్షయరోగముతో కృశించి 1993వ సంవత్సరము జనవరి 12వ తేదీన మరణించెను. ఇతని కవిత లనేకము నాలుగైదు పంక్తులకు మించవు. ఛాయాచిత్రమువలె ఒక్క క్షణమును పట్టి, చూడుమని మన యెదుట నుంచి, తాను తప్పుకొనును. పేదఱికమును వర్ణించి కన్నీరు తెప్పించుట యితని యభిమతము కాదు. చూచియు చూడనట్లు పోవుచున్న మనల నాపి నిలువదీయుటయే. బాధితుని దోషిగా చేయుటకు మాఱు, చదువరినే సాక్షిగా నిలబెట్టును. ఇంతమాత్రము చెప్పవలెను: ఈ కవితలందు ఊరట తక్కువ, కోపము మెండు. ఇప్పటికే మనస్సు చితికిన వారికి రాత్రివేళ నొంటరిగా చదువుటకీయక, పగటిపూట నలుగురితో గలసి చదువుటకిండు. కష్టము లేనివారికైతే యేవేళనైన నీయవచ్చును. వారికే యిది మఱింత యవసరము.

నిఘంటువును గూడ కష్టకాలపు పుస్తకముగా చెప్పినచో చదువరులు నవ్వుదురేమో. సిరిసిల్ల ప్రాంతపు నారాయణపురమునకు చెందిన నలిమెల భాస్కర్‌గారు 2003వ సంవత్సరమున "తెలంగాణ పదకోశం" ప్రకటించిరి. బడిలో తప్పు మాటలని కొట్టివేయబడి, సభలో నవ్వులపాలై, ఇంట మాత్రమే బ్రతికిన మాట లందు గౌరవముగా వరుసదీరి యున్నవి. దుఃఖము వచ్చినపుడు మనుష్యుడు తల్లి మాటలోనే యేడ్చును. ఆ మాట నీచమైనదని చిన్ననాటినుండి విన్నవాడు తన యేడ్పును గూడ నీచమైనదిగా దాచుకొనును. వైద్యునికి గాని, అధికారికి గాని, తుదకు స్నేహితునికి గాని చెప్పుకొనలేడు. తన మాటకు పుస్తకములో చోటున్నదని తెలిసినవాడు తన బాధకు లోకములో చోటున్నదని నమ్మగలడు. ఆ నమ్మకము మిగిలిన పుస్తకములన్నిటికిని గుమ్మమువంటిది.

ఈ పుస్తకములను సిఫారసు చేయుచు, వాని హద్దును చెప్పకున్న నేనును ఆ నీతిసంపుటము వంటివాడనే యగుదును. ఆకలిగొన్నవానికి మొదట అన్నము, పిదపనే గ్రంథము. వడ్డీచే నలిగినవానికి లెక్క చూడగల మిత్రుడు కావలెను. నిద్రాహారములు మాని, బ్రతికి లాభము లేదని పలుకువాని చేతిలో పుస్తకముంచి మన యింటికి మనము పోవుట మహాపరాధము. వాని వద్ద కూర్చుండవలెను, వైద్యుని వద్దకు తోడుగా పోవలెను. పుస్తకము తోడు రాగలదు గాని, తోడుండవలసిన మనుష్యునికి బదులు కాజాలదు. మఱియు నొకటి: పుస్తకమిచ్చి, చదివితివా యని పరీక్షింపకుడు. ఉత్తమమైన పద్ధతి, ఇంటిలో నొకరు బిగ్గరగా చదువుచుండ మిగిలినవారు పనిచేసికొనుచు వినుట. శతకములు, హరికథలు మన యిండ్లలోనికి వచ్చిన దారి యదియే. చదువు రానివారు గూడ అప్పుడు చదువరులే.

ఆ కోరుట్ల గృహిణికి రెండవమాఱు నేను నరసింహ శతకమును, బతుకు పోరును ఇచ్చితిని. నెలదినములకు మరల కనబడినపుడు, పుస్తకము లెట్లున్నవని యడుగక, ఇల్లెట్లున్నదని యడిగితిని. అప్పు తీఱలేదు. భర్త వచ్చుట మఱి యాఱునెలలకు వాయిదా పడినది. "అత్తకు పద్యాలన్ని నోటికి వచ్చునట సారూ, ఇన్నేండ్ల సంది నాకు తెల్వనే తెల్వదు. ఆమె చెప్తాంటె నేను బీడీలు చుట్టుకుంట ఇంటున్న" అనెను. నిద్రపట్టుచున్నదా యంటిని. "కొన్ని దినాలు వడ్తది, కొన్ని దినాలు వడది. గని ఒక్కదాన్నే ఉన్నట్టు లేదు" అని చెప్పి, చాట సవరించుకొని పనిలో మునిగినది.